చిన్న చేప పెరిగిన అరవై రోజులు

మా ఫిల్టర్ హౌస్‌లో కొత్తగా చేరినవాళ్లు ఎప్పుడైనా టీ దుకాణం దగ్గర కలిస్తే నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో మీరు చేసిన పెద్ద తప్పేమిటని. వాళ్లు ఎదురుచూసే జవాబు నాకు తెలుసు. క్లోరిన్ ఎక్కువ కలిపిన రోజు గురించో, మోటారు కాల్చేసిన రోజు గురించో చెబుతాననుకుంటారు. అవీ ఉన్నాయి. కాల్చిన మోటార్లు రెండు. రెండింటికీ మెమోలు తీసుకున్నాను, జవాబులు రాశాను, మర్చిపోయాను. ఇప్పటికీ నన్ను కుదురుగా కూర్చోనివ్వని తప్పు పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. అది ఒక చేప.

నేను పదో తరగతితో ఆగినవాణ్ణి. మాది పలాస పక్కన పల్లె. మా మేనమామ రైల్వేలో పనిచేస్తూ, విశాఖ నుంచి ఇనుప గనులకి వచ్చే ఈ లైను మీద ఉండేవాడు. ఆయన వెంట వచ్చి లైను చివరి ఊరు కిరందుల్‌లో దిగాను, టౌన్‌షిప్‌కి మంచినీళ్లు శుద్ధి చేసే ఫిల్టర్ హౌస్‌లో హెల్పర్‌గా చేరాను. నాకు పని నేర్పినవాళ్లంటూ ఎవరూ లేరు. పాత లాగ్ పుస్తకాలు తిరగేసి, ఏ వానాకాలం ఎంత పటిక వేశారో, నీళ్లు ఎంత తేరాయో పక్కపక్కన రాసుకుని, లెక్క నాకు నేనే పట్టుకున్నాను. పదిహేనేళ్లకి లాబ్‌లో కూర్చోబెట్టారు. డిగ్రీ ఉన్నవాళ్ల మధ్య నేను నిలబడింది అంకెల మీదే. మాటకి ఎదురు మాట ఉంటుంది. అంకె వేసి చూపిస్తే ఎవరూ నోరెత్తరు. ఆ ధైర్యం నాకు బాగా అలవాటైపోయింది.

లాబ్‌లో నా పైన ఒక కెమిస్టు ఉండేవారు. కాకినాడ వైపు మనిషి. పిల్లల చదువుల కోసం కుటుంబాన్ని విశాఖపట్నంలో పెట్టి ఇక్కడ క్వార్టర్‌లో ఒక్కరే ఉండేవారు. ఆయన ఒకసారి సెలవు మీద వెళ్లి వస్తూ థర్మోకోల్ పెట్టెలో రెండు క్లౌన్ ఫిష్‌లను తెచ్చారు. నారింజ రంగు ఒంటి మీద మూడు తెల్ల పట్టీలుండే సముద్రపు చేపలు. విశాఖ నుంచి వచ్చే ప్యాసింజరు రైలు ఒక పగలంతా కొండలెక్కి, సొరంగాలు దాటి వస్తుంది. దారి పొడుగునా ఒళ్లో పెట్టె పెట్టుకుని, గాలి పంపుకి బ్యాటరీలు మారుస్తూ కూర్చున్నారట. క్వార్టర్‌లో కరెంటు పోతూ ఉంటుందని, లాబ్‌కి జనరేటర్ లైను ఉందని, తొట్టిని లాబ్‌లోనే కిటికీకి దూరంగా పెట్టారు. నూట ఇరవై లీటర్ల తొట్టి. మేం శుద్ధి చేసిన నీళ్లలో, విశాఖ నుంచి తెప్పించిన సముద్రపు ఉప్పు పొడి కలిపి ఆయనే నీళ్లు తయారుచేసేవారు. ఈ కథ జరిగేనాటికి ఆ జంట ఆ తొట్టిలో పదకొండేళ్లుగా ఉంది.

మూడో మనిషి దీదీ. లాబ్ తుడిచి, సీసాలు కడిగే అటెండెంటు. తెలుగు నేల అంచున ఉండే కిష్టారం నుంచి వచ్చిన మనిషి. ఇంట్లో దోర్లీ, బజారులో హిందీ, హల్బీ, మాతో వాళ్ల వైపు తెలుగు. టౌన్‌షిప్‌లో అందరూ దీదీ అంటారు కనుక నాకూ దీదీయే. నన్ను మాత్రం అన్నా అనేది, నాకంటే ఆరేళ్లు పెద్దదై ఉండి కూడా. అంకెలు చదవడం వచ్చు, రాయడం రాదు. పొద్దున్నే ఏడు గంటలకు వచ్చి, చీపురు పట్టుకోకముందే తొట్టి ముందు ఒక స్టూలు వేసుకుని కాసేపు కూర్చునేది. ఏం చూస్తావు దీదీ రోజూ అదే కదా అంటే, "మీరు రోజు అదే నీళ్లు చూస్తలేరా" అనేది.

ఆ రెండింట్లో పెద్దది ఆడది. చిన్నది మగది, దానికి నడుం మీది పట్టీ ఒకచోట తెగి ఉండేది. తొట్టిలో పడుకోబెట్టిన మట్టి కుండీ పెద్దదాని ఇల్లు. మేత వేస్తే ముందు పెద్దది తినేది. అది దగ్గరికి వస్తే చాలు, చిన్నది పక్కకి ఒరిగి, తలనుంచి తోకదాకా గజగజ వణికేది. మొదటిసారి చూసి నేను దానికి జబ్బేమో అనుకున్నాను. కెమిస్టు సారు నవ్వారు.

"జబ్బు కాదయ్యా. నువ్వే పెద్ద అని ఒప్పుకోవడం అది. అలా ఒప్పుకున్నంత కాలమే ఇంట్లో ఉండనిస్తుంది."

దీదీ సీసాలు కడుగుతూ అంది: "మంచిగనే ఉన్నది. మా ఆయనకు గూడ చూపియ్యాలె ఒకసారి."

"తీసుకురా. నేర్చుకుంటాడు," అన్నారు సారు.

"నేర్చుకునే వయసు దాటింది సారూ. ఒణుకుడు మాత్రం వచ్చింది, కల్లు తాగి."

తొట్టిలోని ఒక రాతి పలక మీద పెద్దది గుడ్లు పెట్టేది. చిన్నది వాటికి కాపలా ఉండి, నీళ్లు ఆడేలా రెక్కలతో విసురుతూ ఉండేది. గుడ్లు పొదిగి పిల్లలైనా నిలిచేవి కావు. అయినా గుడ్లు పెట్టిన ప్రతిసారీ సారు షిఫ్టులో ఉన్న అందరినీ పిలిచి చూపించేవారు. పంపు ఆపరేటర్లు చాటుగా ఆయన్ని చేపల వియ్యంకుడు అనేవాళ్లు.

సారుకి గుండె ఆపరేషన్ అవసరమని డాక్టర్లు చెప్పారు. మూడు నెలల సెలవు పెట్టారు. వెళ్లే రోజు లాబ్‌కి వచ్చి తొట్టి పనులన్నీ నాకు అప్పగించారు. ఉప్పు ఎంత, వేడి ఎంత, వారానికి ఎన్ని నీళ్లు మార్చాలి అన్నీ చెప్పారు. ఆఖరున తొట్టి అద్దం మీద చెయ్యి పెట్టి, నా వైపు చూడకుండానే అన్నారు:

"నేను తిరిగొచ్చేసరికి రెండూ ఒక్కచోట ఉండాలి. అంతే నేను అడిగేది."

"ఉంటాయి సార్. రోజూ లాగ్ ఫోటో తీసి మీకు పంపిస్తాను," అన్నాను.

ఆ రోజే కొత్త పుస్తకం తీసి గళ్లు గీశాను. తేదీ, వేడి, ఉప్పు సాంద్రత, పీహెచ్, మేత, నీటి మార్పు, రిమార్కు. ఏడు గళ్లు. మంచినీళ్లకే అంత శ్రద్ధగా రాసేవాణ్ణి కాదు.

పన్నెండో రోజు మంగళవారం. తొట్టిలో నీళ్లు తిప్పడానికి ఒక చిన్న పంపు ఉంటుంది. చేపలు దాని మూతికి అంటుకోకుండా స్పాంజి తొడిగి ఉంటుంది. వారానికోసారి ఆ స్పాంజి తీసి కడిగి మళ్లీ తొడగాలి. రెండు నిమిషాల పని. ఆ రోజు నాకు ఒక ఆలోచన వచ్చింది. వారం రోజుల్లో దానికి ఎంత మురికి పట్టిందో తూస్తే, మేత ఎక్కువ వేస్తున్నానో తక్కువ వేస్తున్నానో లెక్క తేలుతుంది కదా అని. తూచాలంటే ఆరాలి. ఎండలో గిన్నె మీద ఆరబెట్టాను. పంపు ఆపితే నీటికి గాలి అందదని పంపు నడవనిచ్చాను. స్పాంజి ఎలాగూ సాయంత్రానికి ఆరదు, రేపు పొద్దున్నే తూచి తొడుగుదామని ఇంటికి వెళ్లిపోయాను. ఎవరూ అడగని ఒక అంకె కోసం.

బుధవారం నేను గేటు దగ్గర సైకిలు పెడుతుండగానే దీదీ ఎదురొచ్చింది.

"అన్నా, పెద్దదాని రెక్క పోయింది."

"ఏటి పోవడం? ఎక్కడికి పోద్ది?"

"నువ్వు రా. చూడు."

కుడి పక్క రెక్క సగం చీలి, ఈనెలు బయటపడి ఉంది. దాని వెనక ఒంటి మీద రూపాయి బిళ్లలో సగమంత మేర పొలుసులు లేచి తెల్లగా కనిపిస్తోంది. పంపు మూతికి పీల్చుకుపోయి, గింజుకుని బయటపడినట్టుంది. తొట్టి మూలలో అడుగున, రెక్కలన్నీ ఒంటికి అదిమిపెట్టుకుని నిలబడి ఉంది. నారింజ రంగు వెలిసిపోయింది. మొప్పలు ఎంత వేగంగా కొట్టుకుంటున్నాయో వాచీ పెట్టుకుని లెక్కించాను. మామూలుగా ఉండేదానికి దాదాపు రెట్టింపు. చిన్నది దాని చుట్టూనే తిరుగుతోంది. వణుకుతోంది, దూరం జరుగుతోంది, మళ్లీ దగ్గరికి వచ్చి వణుకుతోంది.

స్పాంజి తొడిగాను. తూచలేదు.

సారుకి ఆపరేషన్ అయి అప్పటికి రెండే రోజులు. ఐసీయూలో ఉన్న మనిషికి ఈ సంగతి ఎలా చెప్పడం అనుకున్నాను. అది అబద్ధం కాదు, నిజంగానే అలా అనుకున్నాను. కాకపోతే ఆ ఆలోచన పక్కనే ఇంకోటి కూడా ఉంది, స్పాంజి ఎందుకు తీశావని ఆయన అడుగుతారని. ఏది ఎంత పాళ్లలో ఉందో ఇప్పుడు చెప్పలేను.

ఫోన్‌లో వెతికి చదివాను. గాయపడిన చేపను వేరే తొట్టిలో, మట్టీ రాళ్లూ లేని శుభ్రమైన నీళ్లలో, తక్కువ వెలుతురులో ఉంచమని చాలామంది రాశారు. స్టోరు గదిలో ఇరవై లీటర్ల తొట్టి ఒకటి పెట్టాను. అదే నీళ్లు, అదే వేడి, దాక్కోవడానికి ఒక పీవీసీ పైపు ముక్క. పెద్దదాన్ని వలతో కాకుండా మగ్గుతో, నీళ్లలోంచి బయటికి తీయకుండా మార్చాను. అంతవరకు నేను చేసినదాంట్లో తప్పు లేదు. చేప బెదిరితే గాయం కంటే బెదురే ముందు చంపుతుందని చదివాను, అందుకని స్టోరు తలుపు మీద "చప్పుడు చేయరాదు" అని హిందీలో, తెలుగులో రాసి అంటించాను.

దీదీ గుమ్మంలో నిలబడి చూసింది. "రెండింటిని ఇడదీస్తున్నవా?"

"నయం అయ్యేదాకా దీదీ."

"మధ్యల ఏదన్న జాలీ తెర అడ్డం పెట్టరాదు? కానొస్తది గదా ఒకదానికొకటి."

"అక్కడ నీళ్లు ఎక్కువ. మందు సరిగా పడదు," అన్నాను. మందు మోతాదు లీటర్లలో ఉంటుంది. నూట ఇరవైకి లెక్కకట్టడం కంటే ఇరవైకి కట్టడం సులువు. నిజం చెప్పాలంటే కారణం అంతే.

ఆ సాయంత్రం లాగ్ పుస్తకంలో ఇంకో నాలుగు గళ్లు గీశాను, వేరే తొట్టి కోసం. ఫోటో తీసేటప్పుడు ఆ నాలుగు గళ్లు కనిపించకుండా ఎడమ పేజీ వరకే తీశాను. పెద్ద తొట్టి వేడి ఇరవై ఆరు. సాంద్రత 1.024. మేత రెండు పూటలు. ఆ ఫోటోలో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు.

వారం తర్వాత సారు స్వయంగా ఫోన్ చేశారు. గొంతు నీరసంగా ఉంది.

"రెండూ తింటున్నాయా?"

"తింటున్నాయి సార్."

"వీడియో ఒకటి పంపవయ్యా, చూడాలనుంది."

"ఇక్కడ నెట్‌వర్క్ సంగతి మీకు తెలుసు కదా సార్. పోవడం లేదు. ఫోటోలు పంపిస్తున్నాను కదా."

"నీ అంకెల ఫోటోలా," అని నవ్వబోయి దగ్గారు. కుట్ల మీద చెయ్యి పెట్టుకున్నట్టున్నారు. "సర్లే. అంకెలు బాగున్నాయి."

చేప కోలుకుంది. పదో రోజుకి తెల్ల మచ్చ తగ్గుముఖం పట్టింది. రెక్క అంచులు మళ్లీ మొలిచాయి. ఇరవై ఆరో రోజుకి గాయం పూర్తిగా మూసుకుంది. అప్పుడు తిరిగి వేసేయాల్సింది. కానీ నేను మొదటి రోజే ఒక అంకె వేసుకుని ఉన్నాను. గాయం మానడానికి నాలుగు వారాలు. మానాక ఇంకే జబ్బూ బయటపడటం లేదని నమ్మకం కలగడానికి మరో నాలుగు వారాలు. యాభై ఆరు. స్టోరు గదికి జనరేటర్ లైను లేదు, కరెంటు పోయే రోజుల్ని లెక్కలోంచి తీసేయాలి కనుక నాలుగు కలిపాను. అరవై. ఆ అంకెను రిమార్కు గడిలో ఎర్ర సిరాతో రాసి చుట్టూ గీత గీశాను. గీత గీసిన అంకెను మార్చడం నాకు చేతకాదు. ఎవరైనా ఎందుకు మార్చావంటే చెప్పడానికి కారణం ఉండాలి కదా.

ఆ రోజుల్లోనే ఎప్పుడో దీదీ నా బల్ల దగ్గరికి వచ్చింది. చేతిలో తుడిచే గుడ్డ ఉంది.

"అన్నా, చిన్నది ఒణుకుడు బంద్ చేసింది."

"మంచిదే కదా. భయం పోయింది."

"భయం పోయింది కాదు. మొదట్ల ఆ కుండీ కాడ ఎదురుచూసింది. వారం, పది దినాలు. ఇప్పుడు కుండీల పండుకుంటున్నది. పెద్దదాని జాగల. అద్దం మీద వేలు పెడితే మీదికి వస్తున్నది. మునుపు ఎన్నడు రాలే."

"ఒంటరిగా ఉంది కదా, అలవాటు మారుద్ది."

"ఏంది అన్నా, మనిషి ఊరిడిస్తె ఇల్లు ఊకనే ఉంటదా? ఇగ పంపియ్యి పెద్దదాన్ని. మానింది గదా."

"ఇంకా రోజులున్నాయి దీదీ."

"ఎన్ని?"

చెప్పాను. ఆమె గుడ్డ పిండుకుంటూ వెళ్లిపోయింది. మళ్లీ రెండుసార్లు వచ్చి ఇలాంటిదే ఏదో చెప్పింది. ఒకసారి నేను తల కూడా ఎత్తలేదు. పటిక లెక్క చూసుకుంటున్నాను.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అంకెలు నన్ను మోసం చేశాయని నేను తప్పించుకోలేను. తొట్టి అద్దం వెనక నేను గ్రాఫు కాగితం అంటించి ఉంచాను. నెలకోసారి దాని మీద చేప పొడవు కొలిచేవాణ్ణి. సారు తెచ్చిన ఏడాది తర్వాత నుంచి చిన్నది అయిదున్నర సెంటీమీటర్లే. ఎన్నేళ్లు కొలిచినా అంతే. ఆ రెండు నెలల్లో అది ఆరు అయింది. పదేళ్లు పెరగని చేప అరవై రోజుల్లో అర సెంటీమీటరు పెరిగింది. నా చేత్తో నేనే కొలిచాను. రిమార్కు గడిలో ఏం రాశానో తెలుసా? "పెరుగుదల బాగుంది." రాసి, తృప్తిగా టీ తాగాను.

అరవయ్యో రోజు శనివారం. సారు ఇంకో ఎనిమిది రోజుల్లో వస్తున్నారని కబురు వచ్చింది. పొద్దున్న తొమ్మిదింటికి పని మొదలుపెట్టాను. రెండు తొట్ల వేడి ఒకటే, సాంద్రత ఒకటే, పీహెచ్ కూడా సరిచూశాను. సన్నని గొట్టంతో పెద్ద తొట్టి నీళ్లు చుక్క చుక్కగా రెండు గంటలు, పెద్దదాన్ని ఉంచిన మగ్గులోకి పోనిచ్చాను. పదకొండు దాటాక మగ్గు వంచాను. పెద్దది బయటికి ఈది, ఒకసారి ఒళ్లు విదిల్చి, తిన్నగా తన కుండీ వైపు వెళ్లింది. దారి మర్చిపోలేదు. పక్కన నిలబడ్డ దీదీతో, "చూశావా," అన్నాను.

కుండీలోంచి చిన్నది వచ్చింది. రెండూ ఎదురెదురుగా ఆగాయి. నేను వణుకు కోసం చూశాను. అది వణకలేదు. తిన్నగా వచ్చి కొత్తగా మొలిచిన రెక్కను పట్టుకుంది.

పెద్దది తిరగబడింది. పరిమాణంలో అప్పటికీ అదే పెద్దది. కానీ రెండు నెలలు పైపు ముక్కలో గడిపిన చేప అది, ఒంట్లో సత్తువ లేదు. చిన్నది దాన్ని మూల నుంచి మూలకి తరిమింది. పట్టుకున్నచోట వదలలేదు.

"తియ్యి అన్నా."

"కొత్తగా కలిపినప్పుడు కొంచెం సేపు కొట్టుకుంటాయి దీదీ. చదివాను. పది నిమిషాలు చూద్దాం."

వాచీ చూసుకున్నాను. నిజంగా వాచీ చూసుకుంటూ నిలబడ్డాను. ఆరో నిమిషానికి పెద్దది నీటి పైభాగాన, హీటరు వెనక ఇరుక్కుంది. పైకి కనిపించేంతగా నోరు తెరుస్తోంది. చిన్నది కింద నుంచి పొడుస్తూనే ఉంది.

దీదీ నన్ను పక్కకి నెట్టింది. మోచేతి దాకా చెయ్యి తొట్టిలో పెట్టి, రెండు చేపల మధ్య అరచెయ్యి అడ్డం పెట్టింది. చిన్నది ఆమె వేళ్లను కూడా కరిచింది. "మగ్గు," అంది. మగ్గు ఇచ్చాను. నాకు అప్పటికి ఎనిమిదో నిమిషం.

మళ్లీ స్టోరులో పెట్టాం. రెండు రెక్కలూ చీలికలైపోయాయి, ఒక కంటిని పొర కమ్మింది. దీదీ ఆ తొట్టి పక్కనే నేల మీద కూర్చుంది, మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. నేను మందు కలిపాను. సగం నీళ్లు మార్చాను. మొప్పలు లెక్కించడం మొదలుపెట్టి, కాసేపటికి ఆపేశాను. నాలుగు గంటల షిఫ్టు సైరను మోగే వేళకి చేప పక్కకి ఒరిగింది. దీదీ వేలితో దాన్ని నిటారుగా పట్టుకుంది. వదిలితే ఒరుగుతోంది. అలా చాలాసేపు పట్టుకుని కూర్చుంది. తర్వాత వేలు తీసేసింది.

ఆ సాయంత్రం కూడా ఫోటో పంపాను. వేడి ఇరవై ఆరు. సాంద్రత 1.024. సారు ఫోన్‌లో బొటనవేలు పైకెత్తిన గుర్తు పంపారు.

ఎనిమిది రోజులు ఉన్నాయి చెప్పడానికి. ఎనిమిది ఫోటోలు పంపాను.

సారు ఆదివారం రైలు దిగారు. సోమవారం పొద్దున్న లాబ్‌కి వచ్చారు. బాగా చిక్కిపోయారు, చొక్కా వేలాడుతోంది. నేను ఏమన్నా అనేలోపే తొట్టి దగ్గరికి వెళ్లిపోయారు. కాసేపు చూశారు.

"పెద్దది కనిపించదేం? కుండీలో ఉందా?" అని వంగారు. కుండీలోంచి చేప బయటికి వచ్చింది. సారు దాని నడుం పట్టీ చూశారు. తెగిన పట్టీ. నెమ్మదిగా నడుం ఎత్తారు.

నేను చెప్పాను. స్పాంజి నుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ పుస్తకం చేతిలో పట్టుకునే ఉన్నాను, అదేదో నా తరఫున మాట్లాడుతుందన్నట్టు. ఆయన చెయ్యి చాచారు, ఇచ్చాను. కుర్చీలో కూర్చుని ప్రతి పేజీ చూశారు, ఎడమవైపు, కుడివైపు. ఒకచోట వేలు ఆగింది.

"పెరుగుదల బాగుంది," అని చదివారు. "ఆడది ఉన్నంతకాలం మగది పెరగదయ్యా. అది పెరగనివ్వదు. ఆడది లేకపోతే ఇదే పెరిగి మెల్లగా ఆడదిగా మారుతుంది. ఒక ఇంట్లో ఇద్దరు పెద్దలు ఉండరు వీటిలో. రెండు వారాలకి పంపి ఉంటే సర్దుకునేవేమో. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే జాలీ తెర పెట్టమని చెప్పేవాణ్ణి."

"మీరు ఆపరేషన్‌లో ఉన్నారని..."

"ఆపరేషన్ గుండెకి చేశారు. చెవులకి కాదు."

దీదీ తలుపు దగ్గర నిలబడి ఉంది. సారు అటు తిరిగారు. "నువ్వు రోజూ చూస్తావు కదా. నీకేమీ తేడా తెలియలేదా?"

దీదీ నా వైపు చూసింది. నా వైపు చూసి, ఆయనతో అంది: "అన్న మంచిగనే చూసిండు సారూ. మందులు పెట్టిండు. నీళ్లు మార్చిండు. దాని రాత."

ఆమె నన్ను కాపాడుతోంది. ఒక్క క్షణం ఊరుకున్నాను. అలా ఊరుకున్న ఆ క్షణం కూడా నా తప్పుల్లోనే రాసుకోవాలి. తర్వాత అన్నాను:

"చెప్పింది సార్. చిన్నది వణకడం మానేసిందని చెప్పింది."

"ఎప్పుడు?"

నాకు తెలియదు. పద్దెనిమిదో రోజా, ఇరవై నాలుగా, ముప్ఫైయా. ఆ అరవై రోజుల్లో ఏ పూట ఏ డిగ్రీ ఉందో ఇప్పటికీ చెప్పగలను. ఆమె వచ్చి చెప్పిన రోజు మాత్రం ఏదో తెలియదు.

"రాయలేదు సార్," అన్నాను.

సారు పుస్తకం మూసి నాకు ఇవ్వలేదు. బల్ల మీద పెట్టారు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇన్నేళ్ల తర్వాత కూడా అనిపిస్తుంది. ఆ తర్వాత ఆయన ఎక్కువ రోజులు పని చేయలేదు. డాక్టరు కొండ ఊళ్లు వద్దన్నారని వాలంటరీ రిటైర్మెంటు తీసుకుని విశాఖ వెళ్లిపోయారు. వెళ్లేముందు తొట్టి సామాను పెట్టే అలమర తాళం చెవులు, ఉప్పు పొట్లాలు దీదీ చేతిలో పెట్టారు. నాతో, "వారానికోసారి ఉప్పు సాంద్రత చూసి ఆమెకు చెప్పు," అన్నారు. అది న్యాయమే. ఇంకో చిన్న చేపను తెచ్చి వేస్తే జత కడుతుందని కూడా చెప్పారు. ఎవరూ తేలేదు.

సారు వెళ్లిన మర్నాడు నేను కొత్త పుస్తకం తెరిచి, ఏడు గళ్లకి ఎనిమిదోది కలిపాను. "కంటికి కనిపించినది" అని పైన రాశాను. నా తప్పు నాకు తెలిసిందని దీదీకి తెలియాలని కూడా ఉంది. పొద్దున్నే ఏడింటికి వెళ్లాను. ఆమె స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. పక్కనే ఇంకో స్టూలు వేసుకున్నాను. చేప పలక దగ్గర ఉంది. గుడ్లు పెట్టే ముందు పెద్దది చేసినట్టే, నోటితో పలకను కొరికి కొరికి శుభ్రం చేస్తోంది. జత లేకుండానే. ఇద్దరం అదే చూస్తున్నాం.

"చెప్పు దీదీ. ఏం రాసుకోను?"

ఆమె ముందుకు వంగి, అద్దానికి అంటించిన థర్మామీటరు చూసింది.

"ఇరవై ఆరు," అంది.

"అది కాదు. చేప ఏం చేస్తోంది?"

"ఇరవై ఆరు ఉన్నది అన్నా. బరాబర్ ఉన్నది," అని లేచి చీపురు తీసుకుంది.

మర్నాడూ అడిగాను. ఆ వారమంతా అడిగాను. అదే మర్యాదతో అదే జవాబు. నేను ఉద్యోగం మానేసేవరకు ఆ పుస్తకంలో ఎనిమిదో గడి ఉంది. అందులో నేను చూసినవి కొన్ని రాశాను. ఆమె చూసినది ఒక్కటీ లేదు.